సరోజ మీద పడ్డ మాట

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. సరోజ తన భర్త వెంకటన్నకు దవాఖాన గోలీలు ఎక్కువ పెట్టి చంపిందట. నీళ్ల ట్యాంకరు దగ్గర పుట్టిన మాట ఇది. కిరాణం కొట్టు దాకా నడిచి, కూరగాయల బండి ఎక్కి, గద్వాల సగం తిరిగి మళ్లీ మా అరుగు మీదికి వచ్చేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలిచాయి. ఒకరు అన్నంలో కలిపిందన్నారు. ఇంకొకామె పాలలో అంది. వెంకటన్న పాలు ముట్టడన్న సంగతి ఆమెకు తెలియదు. మందులిచ్చే చోట పనిచేసే యేసయ్యకూ సరోజకూ ఏదో ఉందని మూడో మాట.

“లేకుంటే మొగుడు పోయినంక గుడ ఆ దవాఖానకు ఎందుకు పోతున్నది పెద్దమ్మా? పోయినోనికి మందు తెస్తున్నదా?” అని చంద్రకళ నన్నే అడిగింది.

చంద్రకళది మా వెనక ఇల్లు. ఆమె కొడుకు సాయితేజ ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అతనూ కల్లు మానడానికి అదే దవాఖాన మందులు వాడుతున్నాడు. ఈ మాట చెవిన పడ్డప్పటి నుంచి చంద్రకళకు కంటి మీద కునుకు లేదు. “వెంకటన్నను మింగిన గోలీలే గదా ఇవి. రేపటి నుంచి బంద్ పెడదామనుకుంటున్న” అంది. ఒక ఆడదాని పేరు పాడవుతుంటేనే నేను చూస్తూ ఊరుకోను. ఇప్పుడు ఇంకో మనిషి మందు కూడా ఆగిపోయేట్టుంది. అందుకే ఈ సంగతి తేల్చాలని చెప్పులేసుకున్నాను.

ముందు సరోజ ఎవరో చెప్పాలి. ఆమె గురించి తెలియనివాళ్లే ఎక్కువ మాట్లాడుతున్నారు.

సరోజ పుట్టిల్లు ఆత్మకూరు. తండ్రి మగ్గం మీద కూర్చుంటే పక్కన చేరి అడ్డపోగు తిప్పే నాడె అందించి, ఆడుకునే వయసులోనే నేత నేర్చింది. పెళ్లిచూపుల నాడు వెంకటన్న తల్లి “పిల్లకు వంట వస్తదా?” అని అడిగిందట. “వంట మీ కొడుకు చేస్తడేమో అడుగుండ్రి. నేను అంచు నేస్త” అందట ఈమె. ముసలమ్మ కోపం తెచ్చుకోకుండా పడీ పడీ నవ్వి, అక్కడికక్కడే సంబంధం ఖాయం చేసుకుంది. ఈ ముచ్చట నాకు ఆ ముసలమ్మే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నవ్వేది. అత్తాకోడళ్లు అంత కలిసి ఉండడం మా వీధిలో నేను మళ్లీ చూడలేదు.

గద్వాల చీర మీకు తెలిసిందే. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ కలిసేచోట పోగులో పోగు మెలేసుకుంటూ ముందుకు పోవాలి. అది ఒక్కరి చేత అయ్యే పని కాదు. గుంటమగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి. ఒకరు నాడె విసిరితే రెండోవారు అందుకోవాలి. ఒకరి చెయ్యి తొందరపడినా, ఒకరి చెయ్యి మందగించినా అంచు గుంజుకుపోతుంది. సరోజా వెంకటన్నా అట్లా భుజానికి భుజం ఆనించి ఏళ్ల తరబడి నేశారు. పొద్దున్నే ఆ మగ్గం చప్పుడు మా వంటింట్లోకి వినబడేది. నడుమ ఆగిందంటే ఇద్దరూ కొట్లాడుకుంటున్నారన్నమాట. దేని మీద కొట్లాటో కనుక్కుందామని నేను గిన్నె పట్టుకుని చింతపండు కోసం పోయేదాన్ని.

“ఇంట్ల చింతపండు లేదా పెద్దమ్మా, ముచ్చట లేదా?” అనేది సరోజ. వెంకటన్న తల దించుకుని నవ్వేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కూతురు రమ్యను వనపర్తికి ఇచ్చి పెళ్లి చేసిన రోజున కూడా అల్లుడి చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిచాడు, అంతే.

ఆ మనిషికి ఏం వచ్చిందో ఏమో, మూడేళ్ల కింద మొదలైంది. కారణం ఇదని చెప్పడానికి లేదు. అప్పు లేదు, కొట్లాట లేదు. కోడి కూయకముందే మెలకువ వచ్చి గుండె దడదడ కొట్టుకునేదట. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, నాడె చేతిలోనే పట్టుకుని గోడ వైపు చూసేవాడు. సరోజ పక్కన కూర్చుని తన వంతు కోసం ఎదురుచూసేది. “ఏమైంది?” అంటే “ఏం లే” అనేవాడు. “బతికి ఏం లాభం సరోజా?” అని ఒకసారి అన్నాడట, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. ఆ రోజు సరోజ మా ఇంటికి వచ్చి, ఏమీ చెప్పకుండా పీట మీద కూర్చుని పోయింది. నేను ఊరుకుంటానా? మూడు రోజులు తిరిగి తిరిగి చెప్పించాను.

నిద్ర కోసం కల్లు మొదలుపెట్టాడు. మగ్గం పని చేసేవాళ్లు నడుం నొప్పికి సాయంత్రం ఒక సీసా తాగడం మా దగ్గర కొత్త కాదు. ఆడవాళ్లమూ తాగుతాం. కానీ ఇప్పుడు దుకాణాల్లో దొరికేది చాలా వరకు చెట్టు కల్లు కాదు. అందులో మత్తు పొడి కలుపుతారని అందరికీ తెలుసు, తెలిసే తాగుతారు. వెంకటన్నకు మొదట ఒక సీసాకు నిద్ర పట్టింది, తర్వాత రెండుకు, ఆ తర్వాత పొద్దున లేవగానే కూడా కావాలి. తాగకపోతే చేతులు వణికి నాడె జారిపోతుంది, తాగితే కళ్లు మూతలు పడతాయి. రెండు తీర్లా నేత పోయింది.

సరోజ ఊరుకోలేదు. ఒక పెద్ద ఊళ్లో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, “ముందు తాగుడు మాన్పించి తీసుకురా, అప్పుడు చూస్త” అన్నాడట. తాగుడు మాన్పించే ఇంకోచోట చేరిస్తే, కొన్నాళ్లు ఉంచుకుని కల్లు లేకుండా చేసి పంపారు. “పొద్దుగాల గుండె దడ, చావాలన్న ఆలోచన ఉన్నయి సార్” అని ఈమె చెబితే, “గది మా పని గాదమ్మా” అన్నారట. ఇంటికి వచ్చిన వారానికి ఆ దడే అతన్ని మళ్లీ దుకాణానికి పంపింది. “పెద్దమ్మా, ఒక్క మనిషిని రెండు ముక్కలు చేసి చూస్తున్నరు. తలకాయ ఒకరికి, నోరు ఒకరికి. మనిషిని ఎవరికి చూపియ్యాలె?” అంది సరోజ.

ఇంక దేవుడే దిక్కని మాల వేయించింది. మాల వేసుకున్నవాళ్లు కల్లు ముట్టరు కదా, నియమానికి భయపడైనా మానుతాడని ఆశ. వెంకటన్న కూడా నిష్ఠగా ఉన్నాడు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒక్క చుక్క ముట్టలేదు. మూడో రోజు పొద్దున మగ్గం మీద కూర్చుని “గోడంత చీమలు పాకుతున్నయి, తుడువు” అన్నాడు. గోడ మీద ఏమీ లేవు. ఆ వెంటనే వెనక్కి విరుచుకుపడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ. పడుగు పోగులు తెగి మొహం మీద పడ్డాయి. సరోజ కేకకు వీధంతా పోగైంది, నేనూ ఉరికాను. “మైల తగిలింది, స్వామికి కోపమొచ్చింది” అన్నారు కొందరు. “గాలి సోకింది” అన్నారు ఇంకొందరు. ఇంతలో ఎవరో ఉరికి ఒక సీసా తెచ్చి పళ్ల సందున పోశారు. కాసేపటికి మనిషి నెమ్మదించాడు.

“చూసిండ్రా? కల్లు ఆగితే పాణం పోతది. కల్లే వానికి మందు” అన్నారు అందరూ. ఆ రోజే మాల తీసేశారు. ఆ మాట మా వీధిలో అందరి మనసుల్లో నాటుకుపోయింది. కళ్లతో చూసిన సంగతి కదా, ఎవరు కాదంటారు?

ఆ తర్వాత కొన్నాళ్లకు మా నేతసంఘం గోదాం వెనక హాల్లో ఈ దవాఖాన మొదలైంది. వారానికోసారి నాగర్‌కర్నూల్ నుంచి డాక్టరమ్మ వస్తుంది. మిగతా రోజులు జయశ్రీ అనే నర్సు ఉంటుంది. మనసు బాగలేనివాళ్లకూ, తాగుడు పట్టుకున్నవాళ్లకూ ఒకే గదిలో, ఒకే మనిషి చూసే దవాఖాన. బోర్డు మీద ఏదో పొడుగు పేరుంది. మావాళ్లు మాత్రం కొందరు పిచ్చి దవాఖాన అన్నారు, కొందరు తాగుబోతుల దవాఖాన అన్నారు. లోపల ఏముందో చూడాలి కదా, మోకాలి నొప్పని చెప్పి మొదటి వారమే పోయాను.

“మోకాలికి ఇక్కడ మందు లేదు పెద్దమ్మా” అంది జయశ్రీ నవ్వుతూ. “నిద్ర పడుతున్నదా చెప్పు.”

“నిద్రకేం, మస్తు పడతది. పక్కింటోళ్లు ఏం చేస్తుండ్రో తెల్వని రోజు మాత్రం పట్టదు.”

“దానికి గుడ మా తాన మందు లేదు” అన్నాడు పక్కన బల్ల మీద కూర్చున్న మనిషి. అతనే యేసయ్య, బల్మూర్ వాడు. ముంబైలో బిల్డింగు పనికి పోయి, తాగి, పైనుంచి పడి, కాలు విరిగి, చివరికి మందులతో బాగుపడ్డ మనిషి. ఇప్పుడు వచ్చినవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడడమే అతని పని. ఇల్లు, భార్యాపిల్లలు బల్మూర్‌లోనే. ఈ మనిషి మీదే లేనిపోని మాట పుట్టించారు మావాళ్లు.

నేను ఇంటికి రాగానే సరోజకు చెప్పాను. మరుసటి రోజే మొగుణ్ని తీసుకుపోయింది. మాల సంగతి విని డాక్టరమ్మ ఏమందో సరోజ నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది: “అది దేవుని కోపం గాదమ్మా, గాలి గాదు. అంత పొడికి అలవాటైన ఒంటికి ఒక్కసారి ఆపితే ఫిట్స్ వస్తయి. మెల్లగ దించాలె.” కల్లుకు బదులు ఒక గోలీ ఇచ్చారు. దాన్ని వారం వారం చూసి కొంచెం కొంచెం తగ్గించారు. మనసు బరువుకు వేరే గోలీ. గోలీలన్నీ సరోజ దగ్గరే ఉంచమన్నారు. యేసయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

“నేను తాగినంత నువ్వు తాగలే వెంకటన్నా, పోటీకి రాకు” అనేవాడు.

“పోటీకి ఎక్కడొస్త, లేవనీకే చాతనైతలే” అన్నాడు వెంకటన్న ఒకనాడు. చాలా రోజుల తర్వాత అతని నోట ఎకసెక్కం వినబడింది. లోపల గిన్నెలు తోముతున్న సరోజ చెయ్యి ఆగిపోయింది.

మెల్లగా మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది. జోరు తక్కువ, ఆగి ఆగి వచ్చేది. ఆ మొదటి చీర అంచు వంకర పోయింది. చీరలు కొనే సేటుకు ఇస్తే మొహాన కొడతాడు. సరోజ దాన్ని విప్పలేదు, తనే కట్టుకుని బజారుకు పోయింది. “ఏందే, అంచు గట్లున్నది?” అని చంద్రకళ అడిగితే, “మా ఆయన నేసిండు, నీకేం నొప్పి?” అంది. కానీ పూర్తిగా బాగుపడ్డాడని చెప్పను. నవ్వు వచ్చింది, పోయింది. నిద్ర వచ్చింది. ఏదో అద్దం వెనక నుంచి మనల్ని చూస్తున్నట్టు ఉండేవాడు. డాక్టరమ్మ “ఇంకా టైం పడతది” అందట. సరోజ ఆ టైం కోసమే బతుకుతున్నట్టుండేది. పేరంటాలు మానింది, కూతురింటికి పోవడం మానింది. ఎవరింట్లో కల్లు పోస్తారో ఆ ఇంటి గడప అతన్ని తొక్కనిచ్చేది కాదు.

ఇంతలో వెంకటన్న తల్లి పోయింది.

కొన్నేళ్లుగా ముసలమ్మ మానవపాడులో పెద్దకొడుకు గోపాలయ్య దగ్గర ఉండేది. గోపాలయ్య మగ్గం వదిలేసి అక్కడ కౌలుకు మిరప వేస్తాడు. మట్టి చేసిన నాడు వెంకటన్న కంట్లో ఒక్క చుక్క రాలేదు. నేను చూశాను, చుట్టాలంతా చూశారు. తల్లి కాళ్ల దగ్గర రాయిలా కూర్చున్నాడు. వెనక ఆడవాళ్లు గుసగుసలు పోయారు. సరోజ ఒక్క నిమిషం అతని పక్క నుంచి కదల్లేదు. ఆ రోజు కల్లు దగ్గరికి రానివ్వలేదు.

అసలు గండం దినాల నాడు. చావు జరిగిన ఇంట్లో దినాల రోజున చనిపోయినవాళ్ల పటం ముందు కల్లు ధారగా సాక పోస్తారు. తర్వాత చుట్టాలు కూడి ఆ ఇంటివాళ్లకు తలా ఒక గ్లాసు పోసి తాగిస్తారు. నోటి చేదు తీయడం అంటారు దాన్ని. తాగనివాడు చనిపోయినవాళ్లను కాదన్నట్టే. కన్నకొడుకు తాగకపోతే ఇంక చెప్పనే అక్కర్లేదు. ఇది తెలిసే సరోజ ముందుగా దవాఖానకు పోయి అడిగింది. అప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

“గొంతు తడుపుకునేటంత గుడ వద్దు సరోజక్కా” అంది జయశ్రీ. “ఇప్పుడు ఆయన ఒంటికి ఆ అలవాటు తగ్గింది. పాత కొలత పడితే నిద్రలనే ఊపిరి ఆగిపోతది. ఎవరన్న పోయనీకి వస్తే మా మీద పెట్టు. డాక్టరమ్మ తిడుతదని చెప్పు, నన్ను తిట్టుకొమ్మను.”

“నేను చూసుకుంట సిస్టరమ్మా” అంది సరోజ.

మానవపాడుకు నేనూ పోయాను. మా వీధి ఆడవాళ్లం బస్సులో పోయాం. ముందు వాకిట్లో పందిరి, పటం, ప్లాస్టిక్ క్యాన్లలో కల్లు. మగవాళ్లంతా అక్కడ. మేం ఆడవాళ్లం పెరట్లో అన్నం వారుస్తూ, కూర దించుతూ ఉన్నాం. సరోజ నా పక్కనే గంటె పట్టుకుని ఉంది కానీ చెవులు వాకిట్లో ఉన్నాయి. గోపాలయ్య గొంతు పెద్దది, పెరట్లోకి బాగా వినబడింది.

“ఏం తమ్మీ, అమ్మ పోతే కంట్ల నీళ్లు రాలే. ఇప్పుడు అమ్మ పేరు మీద గీ గ్లాసు గుడ తాగవా? ఏ కడుపున పుట్టినవ్‌రా నువ్వు?”

ఎవరో నవ్వారు. “పెండ్లాం పర్మిషన్ గావాలె గదా” అన్నారు ఇంకెవరో.

సరోజ గంటె కింద పెట్టి వాకిట్లోకి పోయింది. నేను వెనకే పోదామంటే వార్చిన అన్నం నా చేతిలో ఉంది. అది దించి, చేతులు తుడుచుకుని ముందుకు వచ్చేసరికి మగవాళ్లంతా గుమిగూడి ఉన్నారు. లోపల ఏముందో కనబడలేదు. బస్సు పోతుందని మావాళ్లు చెయ్యి పట్టి లాగితే వచ్చేశాను.

సాయంత్రం వాళ్లిద్దరూ ఆటో దిగడం చంద్రకళ చూసింది. వెంకటన్న తూలుతున్నాడు, కళ్లు వాచి ఉన్నాయి, సరోజ నడుం పట్టుకుని నడిపించింది. తెల్లారాక ఆ ఇంట్లోంచి అరుపు వినబడింది. నేను పోయేసరికి వెంకటన్న చాప మీద వెల్లకిలా ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. ఒళ్లు చల్లబడి అప్పటికే చాలాసేపైంది. సరోజ అతని అరచేయి రెండు చేతులతో పట్టుకుని రుద్దుతోంది, వేడి పుట్టించాలన్నట్టు. నేను వదిలించబోతే నా వైపు చూసింది. ఆ చూపు చూశాక నా చేతులు వెనక్కి వచ్చాయి.

గోపాలయ్య రాగానే అలమరలో గోలీల అట్టలు చూశాడు. అందరి ముందూ వాటిని పైకెత్తి, “గివి పెట్టి పెట్టి చంపిండ్రు నా తమ్మున్ని!” అని నేల మీద కొట్టాడు. సరోజ అవుననలేదు, కాదనలేదు. ఆ తర్వాత కూడా వీధిలో ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఆమె మాట్లాడకపోవడంతోనే ఊరికి ఇంత మాట దొరికింది.

ఇదీ జరిగింది. ఇంక చంద్రకళ మాట విన్నాక నేను ఏం చేశానంటే, ముందు జయశ్రీ దగ్గరికి పోయి, చంద్రకళ అన్నదంతా చెప్పి, వెంకటన్న ఎట్లా పోయాడని అడిగాను.

“పేషంట్ల సంగతి బయట చెప్పొద్దు పెద్దమ్మా. నువ్వు కాదు, కలెక్టర్ వచ్చినా చెప్ప” అంది. ఆ పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. “సాయితేజను మాత్రం గోలీలు ఆపనియ్యకు. ఒక్కసారి ఆపితే ఏమైతదో మీ వీధోళ్లు కళ్లార చూసిండ్రు గదా.”

“మరి సరోజ ఎందుకొస్తున్నది?”

“ఆమెనే అడుగు.”

యేసయ్య బయట దాకా వచ్చి సాగనంపాడు. “నా మీద ఏం మాటలంటున్నరో నాకు తెల్సు పెద్దమ్మా. అననీయ్. సరోజక్క నిద్రపోతలేదు, అన్నం తింటలేదు. గందుకే వస్తున్నది. ఎవరికన్న ఇది చెప్పుకుంటే చెప్పుకో, ఇది ఆమె చెప్పుమన్నదే.”

తర్వాత మానవపాడు పోయాను. గోపాలయ్య కల్లంలో ఎండు మిరప తిరగేస్తున్నాడు. ఘాటుకు నాకు తుమ్ములు. నన్ను చూడగానే మొహం తిప్పుకున్నాడు.

“గోపాలయ్యా, నీ తమ్మునికి ఆనాడు కల్లు పోసిండ్రా?”

“మేమెందుకు పోస్తం? ఆ గోలీలే...”

“గోలీలు పక్కన పెట్టు. నీ గొంతు పెరట్లకు వినబడ్డది. గ్లాసు పట్టుకున్నవ్ నువ్వు.”

పార పక్కన పడేశాడు. పెద్దమనిషి, తలలో నల్లవెంట్రుక లేదు. “పోసినం పెద్దమ్మా” అన్నాడు చివరికి. “నలుగురం నాలుగు పోసినం, ఇంకా పోసినం. వాడు తాగుతుంటే మాకు సంబరమైంది. కానీ మొదటి గ్లాసు మేం పోయలే. మా అమ్మ మీద ఒట్టు. మొదటిది మేం పోయలే.”

“మరెవరు?”

“పోయి నీ సరోజనే అడుగు.”

బస్సులో వచ్చేటప్పుడు నాకు అడగాలనిపించలేదు. ఎన్ని ఇళ్ల సంగతులు అడిగాను, ఎప్పుడూ ఇట్లా అనిపించలేదు. కానీ చంద్రకళ ఆ రోజు పొద్దున నేను వద్దంటున్నా నా ముందే గోలీల డబ్బా తీసుకుపోయి బియ్యం డ్రమ్ములో దాచింది. ముందు రాత్రి గోలీ కూడా ఇవ్వలేదట, సాయితేజ చేతులు అప్పుడే వణుకుతున్నాయి. అడగక తప్పదు.

సరోజ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. తన వైపే కూర్చుంది. పక్క సగం ఖాళీ. నేయడం లేదు. తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేస్తోంది. నేను గడప మీద కూర్చున్నాను. ఈసారి చేతిలో గిన్నె లేదు. వీధిలో ఏమనుకుంటున్నారో దాచకుండా అంతా చెప్పాను. చంద్రకళ కొడుకు సంగతి చెప్పాను, గోపాలయ్య అన్నది చెప్పాను.

“బిడ్డా, ఆనాడు వెంకటన్నకు మొదటి గ్లాసు ఎవరు పోసిండ్రు?” అన్నాను.

ముడి పూర్తి చేసి, పోగు కొస నోటితో కొరికింది.

“నేనే పోసిన పెద్దమ్మా. వద్దని చెప్పనీకే పోయిన నేను. బావ చేతిలకెల్లి గ్లాసు గుంజుకున్న. గప్పుడు ఆయన నా దిక్కు చూసి, ‘సరోజా, అమ్మ పోయిన కాంచి నాకు ఏడుపొస్తలేదే. లోపల గడ్డకట్టినట్టున్నది. ఒక్కసారి ఏడుస్త, పొయ్యి’ అన్నడు. మూడేండ్ల నుంచి ఆయన నన్ను ఏదీ అడగలే. పోసిన. తాగిండు, అమ్మ పటం పట్టుకొని చిన్న పోరని లెక్క ఏడ్సిండు. నాకు ఎంత సంబరమైందో నీకు తెల్వదు. ఏడుస్తుండు, మనిషి తిరిగొచ్చిండు అనుకున్న. గా సంబరంల వాళ్లు పోస్తుంటే ఊకున్న. చెయ్యి అడ్డం పెడితే ఆగేటోడే. పెట్టలే. ఆ రాత్రి గోలీ ఇయ్యలే, అట్టల అట్లనే ఉంది, సిస్టరమ్మకు చూపిచ్చిన. పోయి చంద్రకళక్కకు చెప్పు, సాయితేజ గోలీలు ఒక్క పూట గుడ ఆపొద్దని. ఎవరు చెప్పిండ్రంటే, మొగునికి తన చేతులతోని కల్లు పోసి చంపుకున్నది చెప్పిందని చెప్పు.”